కోలిక్ బిడ్డకు బేబీ ర్యాప్: మూడు నెలలు కట్టుకుని చూశాక

బిడ్డను ఒంటికి కట్టుకోవడానికి వాడే పొడవాటి సాగే బట్టను బేబీ ర్యాప్ అంటారు. నేను కొన్న దాని పెట్టె మీద, నవ్వుతున్న తల్లి బొమ్మ కింద, "కోలిక్ ఏడుపును తగ్గిస్తుంది" అన్న వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చయి ఉంది. కోలిక్ అంటే ఆరోగ్యంగా ఉన్న చంటిబిడ్డ కారణం తెలియకుండా గంటల తరబడి ఏడవడం. మా పాప ఆరో వారం చివర్లో ఉండగా నేను దీన్ని కొన్నది ఆ ఒక్క వాక్యాన్ని చూసే. ఆ తర్వాత దాదాపు మూడు నెలల పాటు ప్రతి సాయంత్రం దీన్ని ఒంటికి చుట్టుకుని ఇల్లంతా తిరిగాను కాబట్టి, ఆ వాక్యం నిజం కాదనీ, అయినా ఈ వస్తువు కొనదగినదేననీ రెండు మాటలనూ ఒకే సమీక్షలో చెప్పగలననుకుంటున్నాను. తయారీదారు పేరు రాయడం లేదు. సాగే బట్టతో చేసే ర్యాప్‌లన్నీ కొలతల్లోనూ కట్టే తీరులోనూ ఇంచుమించు ఒకటే. పెట్టెల మీది హామీలు కూడా ఒకదాన్ని చూసి మరొకటి రాసుకున్నట్లే ఉంటాయి.

మా పాప మూడో వారం నుంచి సాయంత్రం ఆరు దాటగానే ఏడుపు అందుకునేది. ఆకలి ఏడుపైతే పాలు పట్టగానే ఆగుతుంది, పక్క తడిసిన ఏడుపైతే బట్ట మార్చగానే ఆగుతుంది. ఇది దేనికీ ఆగేది కాదు. ముఖం కందిపోయి, పిడికిళ్లు బిగుసుకుపోయి, కాళ్లు పొట్టలోకి ముడుచుకుని, గుక్క తిప్పుకోకుండా ఏడ్చి, ఉన్నట్టుండి ఆగి, మేము హమ్మయ్య అనుకునేలోపు మళ్లీ మొదలుపెట్టేది. రాత్రి పదింటికో పదకొండింటికో దానంతట అదే సద్దుమణిగి నిద్రపోయేది. పొద్దున చూస్తే ముందు రాత్రి ఇల్లు పీకి పందిరేసినది ఈ పిల్లేనా అనిపించేంత ప్రశాంతంగా ఉండేది.

వస్తువు సంగతికి వచ్చే ముందు వైద్యురాలి సంగతి చెప్పడం అవసరం, ఎందుకంటే ఆ పరీక్ష జరగకుండా కోలిక్ పేరుతో ఏ వస్తువు కొన్నా అది పొరపాటే. పిల్లల వైద్యురాలు పాప ఒంటి మీది బట్టలన్నీ విప్పించి చూశారు. బరువు తూచి, పొట్ట తడిమి, గజ్జల్లో ఉబ్బు ఉందేమోనని వెతికి, చివరికి కాలివేళ్లను ఒక్కొక్కటిగా విడదీసి చూశారు. రాలిన వెంట్రుక వేలికి చుట్టుకుని బిగుసుకుపోతే రక్తప్రసరణ ఆగిపోయి బిడ్డ ఇలాగే ఏడుస్తుందని, అది తల్లిదండ్రుల కంటికి తొందరగా ఆనదని ఆమె చెప్పారు. అప్పటి నుంచి సాక్సులు విప్పినప్పుడల్లా నేనూ చూస్తున్నాను. మూడు నెలలు నిండని బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్‌కు చేరినా, ఆకుపచ్చని వాంతి అయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బిడ్డ మందకొడిగా పడి ఉన్నా కోలిక్ అనుకుని ఇంట్లో కూర్చోకూడదని గట్టిగా హెచ్చరించారు. పాప బరువు చక్కగా పెరుగుతోంది, మిగిలినవేవీ లేవు. కనుక ఇది కోలిక్.

కోలిక్ అన్నది రోగం పేరు కన్నా ఏడుపు కొలత పేరు అనడమే సబబు. 1954లో మోరిస్ వెసెల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు దీనికొక లెక్క పెట్టారు: ఆరోగ్యంగా ఉన్న బిడ్డ రోజుకు 3 గంటలకు మించి, వారంలో 3 రోజులకు మించి, 3 వారాలకు మించి ఏడిస్తే అది కోలిక్. పొట్ట, పేగుల సమస్యలను గుర్తించడానికి నిపుణులు రూపొందించి 2016లో ప్రకటించిన రోమ్ 4 ప్రమాణాలు వైద్యులు రోజువారీ చికిత్సలో ఈ లెక్కను పట్టుకుని కూర్చోనక్కర లేదని దాన్ని పక్కన పెట్టాయి. ఐదు నెలల లోపు బిడ్డ స్పష్టమైన కారణం లేకుండా మాటిమాటికీ చాలాసేపు ఏడవడం, పెద్దలు ఏం చేసినా ఆగకపోవడం, జబ్బు లక్షణాలు గాని ఎదుగుదల లోపం గాని లేకపోవడం చాలన్నాయి. కారణం మాత్రం ఇప్పటికీ తేలలేదు. పేగుల్లోని వాయువు అని కొందరు, అక్కడి సూక్ష్మజీవుల తేడా అని కొందరు, ఇంకా కుదురుకోని నాడీవ్యవస్థ అని కొందరు అంటారు. కారణం తేలని చోట అంగడి బాగా సాగుతుందని వేరే చెప్పనక్కర లేదు.

ఈ సమీక్షకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. 1962లో టి. బెర్రీ బ్రాజెల్టన్ అనే అమెరికన్ వైద్యుడు మామూలు శిశువుల ఏడుపును తల్లుల చేత రాయించి గీత గీస్తే, ఏడుపు రెండో వారం నుంచి పెరుగుతూ పోయి, ఆరో వారంలో శిఖరానికి చేరి, ఆ తర్వాత తగ్గుముఖం పట్టినట్లు కనిపించింది. ఆ మామూలు పిల్లలే ఆరో వారంలో రోజుకు దాదాపు 2 గంటల 45 నిమిషాలు ఏడ్చారు. కోలిక్ పిల్లల గీత కూడా ఇంచుమించు ఇదే ఆకారంలో ఉంటుంది, కాకపోతే ఎత్తు ఎక్కువ. మూడు నాలుగు నెలలకు అదీ దిగిపోతుంది. తల్లిదండ్రులకు ఓపిక నశించి ఏదో ఒక వస్తువు కొనేది ఎప్పుడు? ఏడుపు శిఖరానికి చేరినప్పుడే. అంటే ఆరో వారంలో కొన్న ఏ వస్తువైనా తొమ్మిదో వారానికి పని చేసినట్లే కనిపిస్తుంది. చుక్కల మందులకూ, సీసాలకూ, ఊగే కుర్చీలకూ జనం ఇచ్చే ఐదు నక్షత్రాల సమీక్షల్లో చాలా వాటికి అసలు హక్కుదారు కాలమేనని నా అనుమానం. నా సమీక్షను కూడా ఆ అనుమానంతోనే చదవమని కోరుతున్నాను.

పెట్టె తెరిస్తే లోపల ఉండేది 5 మీటర్ల పొడవు, అర మీటరుకు కాస్త మించిన వెడల్పు ఉన్న ఒకే ఒక బట్ట ముక్క. బకిల్ లేదు, బొత్తాం లేదు, రింగు లేదు. 95 శాతం నూలు, 5 శాతం ఎలాస్టేన్ అనే సాగే దారం. బట్ట నడిమి భాగాన్ని ఛాతీకి అడ్డంగా పెట్టుకుని, రెండు కొసలనూ చంకల కింద నుంచి వెనక్కి తీసుకెళ్లి, వీపు మీద ఒకదానిపై ఒకటి దాటించి, భుజాల మీదుగా ముందుకు తెచ్చి, ఛాతీ మీది పట్టీలోకి దూర్చి, మళ్లీ దాటించి నడుముకు చుట్టి ముడి వేయాలి. చదువుతుంటే చిక్కుముడిలా ఉన్నా నాలుగో రోజుకు చేతులకు అలవాటైపోతుంది. మొదటిసారి నాకు 20 నిమిషాలు పట్టింది, అది కూడా పాప లేకుండా. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండింటిని తువ్వాలులో చుట్టి వాటిని ఎత్తుకుని సాధన చేశాను. ఈ పద్ధతిని అందరికీ గట్టిగా సిఫారసు చేస్తాను. గుక్కపట్టి ఏడుస్తున్న బిడ్డను ఒక చేత్తో పట్టుకుని రెండో చేత్తో మొట్టమొదటి ముడి నేర్చుకోవడం మనిషికి సాధ్యమయ్యే పని కాదు.

సాగే బట్ట కావడం వల్ల ఉన్న పెద్ద సౌకర్యం ఏమిటంటే, ముందుగానే కట్టుకుని ఉంచుకుని, అవసరమైనప్పుడు పాపను లోపలికి దించుకోవచ్చు, తీయవచ్చు, మళ్లీ దించుకోవచ్చు. ప్రతిసారీ విప్పి కట్టనక్కర లేదు. సాయంత్రం ఐదున్నరకే నేను యుద్ధానికి వెళ్లేవాడిలా దీన్ని బిగించుకుని సిద్ధంగా ఉండేవాడిని. నా భార్యకు సిజేరియన్ కావడంతో నడుము చుట్టూ వచ్చే పట్టీ కుట్ల మీద ఒరుసుకునేది, అందువల్ల చాలా రోజులు తను దీన్ని కట్టుకోలేకపోయింది. ఈ సంగతి పెట్టె మీద గాని, లోపలి పుస్తకంలో గాని ఎక్కడా లేదు.

ఆ పుస్తకం గురించే నా మొదటి ఫిర్యాదు. మూడో రోజు నేను ర్యాప్‌ను కొంచెం వదులుగా కట్టాను. పాప లోపలే నిద్రపోయింది, నేను సంబరపడిపోయి నడుస్తూనే ఉన్నాను. అరగంట తర్వాత సన్నని గురక లాంటి చప్పుడు వినిపించి వంగి చూస్తే, పాప బట్టతో పాటు కిందికి జారిపోయి, గడ్డం ఛాతీకి ఆని ఉంది. చప్పున పైకెత్తాను, ఏమీ కాలేదు. అయితే చంటిబిడ్డకు మెడ నిలవదు. గడ్డం ఛాతీకి నొక్కుకుంటే శ్వాసమార్గం ముడుచుకుపోయి, ఏడుపు కూడా లేకుండా, నిశ్శబ్దంగా ఊపిరాడని స్థితి రావచ్చు. 2010లో అమెరికా వినియోగదారుల ఉత్పత్తుల భద్రతా సంస్థ బిడ్డను వేసుకునే స్లింగ్‌ల విషయంలో, ముఖ్యంగా నాలుగు నెలల లోపు పిల్లల గురించి, ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. బిడ్డ ముఖం ఎప్పుడూ మన కంటికి కనిపిస్తూ ఉండాలి, తల వంచితే నుదుట ముద్దు పెట్టుకునేంత ఎత్తులో ఉండాలి, గడ్డం కింద రెండు వేళ్ల సందు ఉండాలి, వీపుకు ఆసరా ఉండాలి, బట్ట బిగువుగా ఉండాలి. మోకాళ్లు పిరుదుల కన్నా కాస్త ఎత్తులో ఉండి కాళ్లు రెండు వైపులా విచ్చుకుని ఉంటే తుంటి కీళ్లకు మంచిది. ఇంత ముఖ్యమైన విషయం మొదటి పుటలో ఉండవలసింది పోయి, ఉతకడానికి సంబంధించిన సూచనల తర్వాత, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. బిడ్డ బరువు కనీసం 3.6 కిలోలు ఉండాలన్న నియమం కూడా అక్కడే దాక్కుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డలైతే వైద్యులను అడగకుండా అసలు కట్టుకోవద్దు.

ఇక అసలు ప్రశ్న: ఏడుపు తగ్గిందా? నేను ఐదో వారం నుంచే ఒక నోట్‌బుక్‌లో ప్రతి రోజును పావుగంట గళ్లుగా గీసి, ఏడ్చిన గళ్లను పెన్సిల్‌తో నింపుతూ వచ్చాను. ఐదో వారంలో సగటున రోజుకు 3 గంటల 20 నిమిషాలు, ఆరో వారంలో 3 గంటల 40 నిమిషాలు, ర్యాప్ కట్టడం మొదలుపెట్టిన ఏడో వారంలో 3 గంటల 25 నిమిషాలు, ఎనిమిదిలో 2 గంటల 30 నిమిషాలు, పదో వారంలో గంటన్నర. ఈ అంకెలను మాత్రమే చూపిస్తే ర్యాప్ తయారీదారు వాటిని ఫ్రేము కట్టించుకుంటాడు. అయితే నా దగ్గర ఇంకో లెక్క కూడా ఉంది. పాలు కక్కడం వల్ల ఈ బట్టను వారానికి రెండుసార్లు ఉతకవలసి వచ్చేది. 5 మీటర్ల మందపాటి బట్ట సాయంత్రానికి ఆరేది కాదు. అలా ర్యాప్ లేకుండా గడిచిన సాయంత్రాలను, అదే వారంలో ర్యాప్‌తో గడిచిన సాయంత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే, నల్లని గళ్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు.

నా నోట్‌బుక్ ఒక్క బిడ్డకు సంబంధించిన లెక్క మాత్రమే. కాని ఇదే ప్రశ్నను పరిశోధకులు నా కన్నా చాలా ముందే, నా కన్నా చాలా జాగ్రత్తగా అడిగారు. 1986లో కెనడాలో హున్‌జికర్, బార్ చేసిన ప్రయోగంలో, బిడ్డను ఏడ్చినా ఏడవకపోయినా రోజూ మామూలు కన్నా ఎక్కువసేపు ఎత్తుకున్న ఇళ్లలో ఆరో వారపు ఏడుపు 43 శాతం తక్కువగా ఉంది. ఎత్తుకునే సాధనాలు అమ్మేవారందరికీ ఈ అంకె కంఠస్థం. ఆ ప్రయోగంలోని బిడ్డలు మామూలు బిడ్డలన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. 1991లో అదే బార్ బృందం ప్రత్యేకంగా కోలిక్ ఫిర్యాదుతో వచ్చిన బిడ్డలపై అదే ప్రయోగం చేస్తే, ఎక్కువసేపు ఎత్తుకోవడం వల్ల ఏడుపు తగ్గలేదు. పెట్టె మీది వాక్యం ఈ రెండింటిలో మొదటిదాన్ని మాత్రమే చదివి రాసినది.

మరి ఎందుకు మంచిదంటున్నానంటే, నాకు రెండు చేతులు తిరిగి వచ్చాయి. ఇది చిన్న మాటలా ధ్వనిస్తుంది గాని, నాలుగు గంటల పాటు నాలుగున్నర కిలోల బరువును ఒకే భుజాన వేసుకుని జోకొట్టిన వారికి దీని విలువ తెలుస్తుంది. ర్యాప్ కట్టుకున్న రోజు నేను మంచినీళ్లు తాగాను, ఉతికిన బట్టలు మడత పెట్టాను, మెట్లు దిగి బయట గాలిలో నడిచాను. అన్నిటినీ మించి, నా భార్య గది తలుపు వేసుకుని మూడు గంటలు ఏకధాటిగా నిద్రపోయింది, ఎందుకంటే నాకు సాయం అవసరం లేకుండా పోయింది. ఏడుపు అంతే ఉంది, దాన్ని మోసే మనుషుల పరిస్థితి మారింది. నడుము చుట్టూ, రెండు భుజాల మీదా బరువు సమానంగా పంచుకోబడటంతో నా మణికట్టు నొప్పి వారంలో పోయింది. పాప ఏడుపు కూడా లోపల ఉన్నప్పుడు అరుపు స్థాయి నుంచి గొణుగుడు స్థాయికి అప్పుడప్పుడూ దిగేదని అనిపించింది. అయితే గళ్లలో నేను గొణుగుడును కూడా ఏడుపుగానే నింపాను, కాబట్టి దాన్ని రుజువుగా చూపలేను.

నిద్రపోయిన తర్వాత బయటికి తీయడం ఈ ర్యాప్‌లో కష్టమైన భాగం. జపాన్‌లోని రికెన్ పరిశోధన సంస్థకు చెందిన కుమి కురోడా, ఇటలీకి చెందిన జియాన్లుకా ఎస్పొసిటో బృందం 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని ఆగకుండా 5 నిమిషాలు నడవాలి, నిద్రపోయాక వెంటనే దించకుండా 5 నుంచి 8 నిమిషాలు ఎత్తుకుని కూర్చోవాలి, ఆ తర్వాత పడుకోబెట్టాలి. బిడ్డ వీపు పరుపును తాకిన క్షణంలో కాకుండా, ఎత్తుకున్న వారి ఒంటి నుంచి విడివడడం మొదలైనప్పుడే ఉలికిపడుతుందని కూడా వారు గమనించారు. ర్యాప్‌లో ఈ విడివడడం మరింత నిదానంగా, ఒక్కొక్క మడత జారుస్తూ జరుగుతుంది కాబట్టి పాప మెలకువ వచ్చే అవకాశం ఎక్కువ. ఆ 8 నిమిషాల నియమం పాటించడం మొదలుపెట్టాక మూడింట రెండుసార్లు నెగ్గాను. నడక మాత్రం పాప మామూలు ఏడుపుకు ఎంత చక్కగా పనిచేసేదో, సాయంత్రపు ఏడుపుకు అంత పనిచేసేది కాదు.

లోపాలు మరికొన్ని ఉన్నాయి. నలభై నిమిషాలకు బట్ట సాగి, పాప అంగుళం మేర కిందికి దిగుతుంది, మళ్లీ బిగించుకోవాలి. 11 కిలోల వరకు వాడవచ్చని రాశారు గాని, పాప ఆరున్నర కిలోలు దాటాక నాకు అది నమ్మకంగా అనిపించలేదు. బిడ్డ ఒంటి మీద మూడు పొరల బట్ట పడుతుంది కనుక వేడిగా ఉన్న గదిలో ఇద్దరికీ చెమటలు పడతాయి. లోపల పాపకు ఒక్క పలుచని చొక్కా చాలు. ఆరుబయట కట్టుకోబోతే కొసలు నేల మీద పడి మట్టి కొట్టుకుపోతాయి. దీన్ని కట్టుకుని వేడి పానీయం తాగడం, పొయ్యి దగ్గర నిలబడటం, పడుకోవడం చేయకూడదు.

వీటన్నిటికన్నా పెద్ద చిక్కు ఒకటి ఉంది. ఏడ్చే బిడ్డను ఒంటికి కట్టుకుంటే ఏడుపు మన చెవికి జానెడు దూరంలో ఉంటుంది, పారిపోవడానికి చోటుండదు. రెండు నురుగు ఇయర్‌ప్లగ్‌లు పెట్టుకోవడం మొదలుపెట్టాక (ఏడుపు వినిపిస్తూనే ఉంటుంది, పదును మాత్రం పోతుంది) నా ఓర్పు రెట్టింపైంది. కోలిక్ పేరుతో ఇంట్లోకి వచ్చిన వస్తువులన్నింటిలో పెట్టిన ఖర్చుకు ఎక్కువ ఫలితమిచ్చినవి అవే. అయినా ఎనిమిదో వారంలో ఒక రాత్రి, మూడు గంటల నడక తర్వాత, నా చేతులు బిగుసుకుపోవడం నాకే తెలిసింది. పాపను బయటికి తీసి, ఖాళీ తొట్టెలో వెల్లకిలా పడుకోబెట్టి, గది తలుపు దగ్గరగా వేసి, 8 నిమిషాలు మెట్ల మీద కూర్చున్నాను. అలా చేయమని వైద్యురాలు మొదటి రోజే చెప్పారు: క్షేమమైన చోట పడుకోబెట్టిన బిడ్డకు పది నిమిషాల ఏడుపు వల్ల హాని ఉండదు, సహనం కోల్పోయిన చేతులు ఒక్కసారి బిడ్డను కుదిపితే మెదడులో రక్తస్రావమై ప్రాణమే పోవచ్చు. ర్యాప్ అమ్మే వారి ప్రచారం "ఎప్పుడూ మీ గుండెకు హత్తుకుని" అంటూ సాగుతుంది. ఆ మాట నన్ను ఆ రాత్రి ఒక అరగంట ఎక్కువ నడిపించిందని నాకు ఖచ్చితంగా తెలుసు. పుస్తకంలో ఒక్క పంక్తి, "తట్టుకోలేనప్పుడు విప్పి పడుకోబెట్టండి" అని రాసి ఉంటే బాగుండేది.

పోల్చి చూడటానికి మిగిలిన వాటి గురించి క్లుప్తంగా. సిమెథికోన్ ఉన్న గ్యాస్ చుక్కలు రెండు వారాలు వేశాం. ఉత్తుత్తి మందుతో పోల్చిన ప్రయోగాల్లో వాటికి ప్రత్యేక ప్రభావం కనిపించలేదని తర్వాత తెలిసింది, మా నోట్‌బుక్ కూడా అదే చెప్పింది. లాక్టోబాసిల్లస్ రియుటెరి అనే ప్రోబయాటిక్ (పేగులకు మేలు చేసే సూక్ష్మజీవి) తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డల్లో కొంత ఉపయోగపడుతుందని పరిశోధనలున్నాయి, పోతపాలు తాగే బిడ్డల విషయంలో ఆ ఆధారం లేదు. మా పాప రెండూ తాగేది కనుక వైద్యురాలు వద్దన్నారు. హోరు చేసే యంత్రం పాపను కాసేపు నిమ్మళింపజేసేది గాని, 2014లో పరీక్షించిన 14 యంత్రాల్లో మూడు పూర్తి ధ్వనిలో 85 డెసిబెల్స్ దాటాయని చదివాక దాన్ని తొట్టెకు రెండు మీటర్ల దూరంలో, తక్కువ ధ్వనిలోనే వాడాం. ఊగే కుర్చీ వద్దనుకున్నాం. వాలుగా ఉన్న దానిలో బిడ్డ నిద్రపోతే గడ్డం వంగిపోయే ప్రమాదం అక్కడా ఉంది.

ఈ ర్యాప్ కొనాలనుకునే వారు బిడ్డ వయసు చూసుకుని కొనడం మంచిది. ప్రసవానికి ముందే కొని నీళ్ల సీసాలతో సాధన చేసి పెట్టుకున్నవారికి, లేదా బిడ్డ మూడు నాలుగు వారాల వయసులో ఉన్నవారికి ఇది పూర్తిగా ఉపయోగపడుతుంది. వీలైతే రెండు కొనండి, ఉతికిన రోజు ఇబ్బంది ఉండదు. భార్యాభర్తల ఎత్తుల్లో తేడా ఉన్నా ఒకటే బట్ట ఇద్దరికీ సరిపోతుంది. బిడ్డకు పది వారాలు నిండి ఉంటే కొత్తది కొనకండి, ఎవరినైనా అడిగి తెచ్చుకుని కొద్ది వారాలు వాడి తిరిగి ఇచ్చేయండి. మాది పద్దెనిమిదో వారంలో ఉతికి మడత పెట్టాను, మరో నెలలో మా బంధువుల ఇంటికి వెళుతుంది. పుస్తకంలో భద్రతా సూచనలు ఉన్న ఆ పుటను మాత్రం చింపి, పెద్ద అక్షరాలతో తిరగరాసి, బట్ట పైమడతలో పెట్టాను.